బరువు తగ్గించే విటమిన్ లేదు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. డి విటమిన్ తక్కువుంటే ఒళ్లు తగ్గదని జిమ్ ట్రైనర్ చెప్పడంతో 60,000 యూనిట్ల సాచెట్ రోజుకొకటి చొప్పున పాలలో కలుపుకుని తాగుతున్నాను. ఫ్యాట్ బర్నర్ కూడా వాడుతున్నాను. మూడు వారాలైంది. బరువు తగ్గకపోగా మలబద్ధకం, వికారం పట్టుకున్నాయి. మోకాళ్లు నొప్పిగా ఉండటంతో ట్రెడ్‌మిల్ మానేశాను. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఆ సాచెట్లు ఈరోజే ఆపేయండి. అవి లోపం ఉన్నవారికి, సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాల పాటు డాక్టర్లు రాసేవి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. మీరు దానికి పదిహేను రెట్లు తీసుకుంటున్నారు. డి విటమిన్ మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మలబద్ధకం, వికారం, అతిదాహం దాని లక్షణాలే. కిడ్నీలూ దెబ్బతినవచ్చు. కాబట్టి ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌ను కలిసి కాల్షియం, క్రియాటినిన్, డి విటమిన్ పరీక్షలు చేయించుకోండి. వాడిన డబ్బాలు, ప్యాకెట్లు వెంట తీసుకెళ్లండి. ఫ్యాట్ బర్నర్లలో వాడే గాఢమైన గ్రీన్ టీ సారం వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలున్నాయి. దాన్నీ వదిలేయండి.

మీ ట్రైనర్ తలకిందులుగా చెప్పారు. డి విటమిన్ కొవ్వులో కరిగేది. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో అది కొవ్వులోనే ఇంకిపోయి, రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. లోపం ఉంటే ఎముకల కోసం, కండరాల కోసం సరిచేసుకోవాల్సిందే. కానీ దానివల్ల బరువు తగ్గదు.

ఇక వ్యాయామం. మీ బీఎంఐ 32 దాటింది. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తున్నాం. ఇంత బరువుతో ఒక్కసారిగా పరుగు మొదలుపెడితే మోకాళ్లు మొరాయిస్తాయి. ప్రస్తుతానికి కొత్త వ్యాయామాలేవీ వద్దు. పరీక్షల ఫలితాలు చూసి డాక్టర్ సరేనన్నాక, మూడు పూటలా భోజనమయ్యాక పది నిమిషాలు నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. వారానికి అయిదు రోజులు ఇలా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస 150 నిమిషాలు పూర్తవుతాయి. వారంలో రెండు రోజులు చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులు ఆనించి పుషప్స్ తీయండి. మోకాళ్లు నొప్పెడితే కుర్చీ కాస్త ఎత్తుది తీసుకోండి.

వ్యాయామం ఒక్కదానితో కిలోలు వేగంగా కరగవు. రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకునే, ఆఫీసులో కూల్‌డ్రింకులు తాగే అలవాటుంటే తగ్గించుకోవాల్సిందే. అయినా నడక వృథా కాదు. బరువు కదలకపోయినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. అందుకే తూకంతో పాటు నెలకోసారి నడుము చుట్టుకొలత కూడా చూసుకోండి. మగవారికి అది 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అయిదారు కిలోలు తగ్గినా బీపీ, షుగర్ ముప్పు తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు, 82 కిలోలు. మెట్లెక్కితే ఆయాసం. నెలసరి సరిగా రాదు. మల్టీ విటమిన్, జుట్టుకు బయోటిన్ మాత్రలు ఇస్తున్నాం. నీరసం తగ్గడం లేదు.
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: మాత్రలు పెంచడం కాదు, కారణం కనుక్కోవాలి. హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, నెలసరి గురించి గైనకాలజిస్టుకు చూపించండి. బయోటిన్ థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపించగలదు. డాక్టర్‌ను అడిగి పరీక్షకు ముందే ఆపండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలతో కలిపి వేయకండి, ఒంటికి సరిగా పట్టవు. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని లావు మీదికి తోసేసి ఊరుకోవద్దు.

బంధువుల ముందు ఆమె ఒళ్లు గురించి ఎవరు మాట్లాడినా మీరే అడ్డుకోండి. సాయంత్రం నడకకు ఆమెతో పాటు మీరూ బయల్దేరండి.