ఎడారి జిల్లా జైసల్మేర్

మన దేశానికి పడమటి దిక్కున రాజస్థాన్ రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రానికి పడమటి చివర జైసల్మేర్ జిల్లా. అది దాటితే పాకిస్తాన్ దేశం. ఈ జిల్లా దాదాపు కేరళ రాష్ట్రమంత ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో కేరళలో మూడు కోట్ల మందికి పైగా ఉన్నారు. ఇక్కడ మాత్రం ఏడు లక్షల మంది కూడా లేరు.

ఎందుకు? నీళ్ళు లేవు.

ఇది థార్ ఎడారి. ఎడారి అంటే అంతా ఇసుకే అనుకుంటాం. ఇక్కడ ఇసుక దిబ్బలూ ఉన్నాయి, రాతి నేలా ఉంది. మన అనంతపురాన్ని కరువు సీమ అంటాం. అక్కడ ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో 20 సెంటీమీటర్లు కూడా పడదు. వేసవిలో బావులు అడుగంటితే ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని మైళ్ళు నడవాలి. నీళ్ళు మోసే పని ఏ సీమలోనైనా ఆడవాళ్ళదే కదా!

1156లో జైసల్ అనే రాజు ఇక్కడ గుట్ట మీద కోట కట్టించాడు. ఆయన పేరే ఊరికి వచ్చింది. ఒంటెల మీద సరుకులు వేసుకుని వర్తకులు ఈ దారినే సింధుకు పోయేవారు. ఊరు బాగా బతికింది. తర్వాత బొంబాయి రేవు పెరిగింది, సరుకులు ఓడలెక్కాయి. 1947లో దేశం రెండైంది. ఆ దారి మూతపడింది.

ఇంత తక్కువ వానతో పంట పండుతుందా? పండించారు. పాలీవాల్ అనే బ్రాహ్మణులు ఇక్కడ పేరున్న రైతులు. రాతి నేల మీద పడ్డ వాన ఇంకదు, జారిపోతుంది. ఆ నీళ్ళు చేరే పల్లంలో వాళ్ళు అడ్డంగా మట్టికట్ట వేశారు. నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకేవి. నేల పదునెక్కాక గోధుమలు, శనగలు విత్తేవారు. మళ్ళీ వాన పడకున్నా ఆ పదునుతోనే పంట చేతికొచ్చేది. ఇలాంటి చేనును ఖడీన్ అంటారు.

అంత తెలివైన రైతులు 19వ శతాబ్దంలో ఊళ్ళు విడిచి వెళ్ళిపోయారు. దివాను సాలిం సింగ్ వేసిన పన్నులు భరించలేకే పోయారని చెబుతారు. నీళ్ళు తగ్గడమూ కారణమేనని కొందరి మాట. ఒక్క రాత్రిలో అందరూ పోయారన్నది మాత్రం కథ. కుల్‌ధరా అనే ఊళ్ళో వాళ్ళ మొండిగోడలు నేటికీ ఉన్నాయి. ఖడీన్‌లను తర్వాత వేరే రైతులు సాగు చేసుకున్నారు.

పంజాబు నదుల నీళ్ళు తెచ్చే పెద్ద కాలువ పని 1958లో మొదలైంది. 1987కి అది జైసల్మేర్ జిల్లాకు చేరింది. ఇసుక నేలలో ఆవాలు, గోధుమలు పండాయి. నీళ్ళు మరీ ఎక్కువ పెట్టిన చోట్ల నేల ఉప్పు తేలి చౌడైంది.

కాలువ నీళ్ళు అందని ఊళ్ళకు టంకాలే దిక్కు. టంకా అంటే నేలలో కట్టిన మూత తొట్టి. దాని చుట్టూ నేలను వాలుగా చదును చేస్తారు. వానలకు ముందే ఆ వాలు నేలను శుభ్రంగా ఊడుస్తారు. అక్కడ పశువులను కట్టరు, చెప్పులతో తొక్కరు. ఆ నేల మీద పడ్డ వానే ఇంటిల్లిపాదికీ తాగునీరు.