లేదనుటయుఁ దెలియదనుటయు

విజయవాడ యొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట ముగిసెను. 1957లో ప్రకాశము బ్యారేజీ పూర్తియయ్యెను. అచ్చటనుండి బందరుకాలువ మచిలీపట్టణము వైపునకును, ఏలూరుకాలువ ఏలూరునకును సాగుచున్నవి. ఈ సంగతులను గణకయంత్రమునకుఁ దెలుపుట యెట్లో విచారింతము.

ఒక్కొక్క సంగతిని మూఁడు భాగములుగా వ్రాయుదురు: “బ్యారేజీ – నీరిచ్చును – బందరుకాలువకు.” ఈ పద్ధతికి ఆర్‌డీఎఫ్ అని పేరు, 1999లో ఇది ప్రమాణముగా వెలువడెను. గోదావరి నుండి వచ్చు కాలువకును ఏలూరుకాలువ యనియే పేరగుటచే, ప్రతివస్తువునకును వెబ్బులో వేఱువేఱు చిరునామా నియ్యవలెను. ఒకరు వ్రాసిన చిరునామాను వేఱొకరు వాడినచో రెండు సంగతులును గొలుసువలెఁ గలియును.

గొలుసు పొడవు ముందుగాఁ దెలియదు. కావున రెండు సూత్రములు చాలును. ‘క’ నుండి ‘గ’కు నేరుగా నీరు పోయినచో, ‘క’ నీరు ‘గ’కుఁ జేరును. ‘క’ నుండి ‘గ’కు నేరుగాఁ బోయి, ‘గ’ నీరు ‘చ’కుఁ జేరినచో, ‘క’ నీరు ‘చ’కును జేరును. ఇట్టి సూత్రభాషయే డేటాలాగ్. స్పార్కిల్ అను ప్రశ్నభాషకు 2008లో ఈ శక్తి లేదు. 2013 నాఁటి కూర్పులోఁ గొంత వచ్చెను.

పూర్వము పడవలు విజయవాడనుండి ఏలూరునకుఁ బోయి మరలి వచ్చెడివి. పడవదారికి నీ సూత్రములనే వాడినచో, వెదకు యంత్రము కొన్ని భాషలలో గానుగెద్దువలెఁ దిరుగుచునే యుండును. డేటాలాగ్‌నందుఁ గ్రొత్తసంగతి పుట్టనప్పుడు పని ముగియును. పేళ్లు పరిమితములు గదా!

అసలు చిక్కు ‘లేదు’ అను మాటయందున్నది. ఒక గ్రామమునకు నీరు చేరునని పట్టికలోఁ గానరానిచో, “చేరదు” అనవచ్చునా? తూములన్నియు నెక్కిన రిజిస్టరైనచో ననవచ్చును. పలువురు తోఁచినంత వ్రాసిన గొలుసులో నది వ్రాయకపోవుట మాత్రమే. కాలువ చివరి రైతు ఆ జవాబును నమ్మి నారు పోయుట మానినచో నొక పంట పోవును. కనుక ఏ పట్టిక సంపూర్ణమో చెప్పుటకు భాషలోఁ జోటుండవలెనని మా యభిప్రాయము.

మఱియొక సూత్రము చూడుఁడు: “నీరు చేరని పొలమునకుఁ దూము తెఱవవలెను, తూము తెఱచిన పొలమునకు నీరు చేరును.” చేరనిచోఁ జేరును, చేరినచోఁ దూము తెఱవరు గనుక చేరదు! దీనిని నల్లబల్లపై వ్రాసినప్పుడు తరగతి యంతయు నవ్వెను, గాని యంత్రమునకు నవ్వు రాదు. అందుచే సూత్రములను అంతస్తులుగా విభజింతురు: చేరువానినెల్ల ముందు లెక్కించి ముగించి, పిదపనే చేరనివానిని నిర్ణయింతురు. ఈ రీతిగా విభజింపరాని సూత్రములను, పైదానివంటివానిని, అట్టి భాష త్రోసివేయును.

విద్యార్థులు తమ యూరి కాలువను మూఁడేసి భాగములుగా వ్రాసి, బ్యారేజీ నీరు తమ పొలమునకుఁ జేరునో లేదో పై సూత్రములతోఁ జూచుకొందురుగాక.