భారము మోసినవాని ఓటమి

టోల్కీన్ అను ఆంగ్లేయుడు 1954–55లో మూడు సంపుటములుగా ప్రచురించిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను కల్పిత గాథను మనలో కొందరు చదివియుందురు. లోకమును లోబరచుకొనగల దుష్ట ఉంగరమును అగ్నిపర్వతములో పడవేయుటకు ఫ్రోడో అను పొట్టివాడు బయలుదేరును. దారి సాగినకొలది అది బరువెక్కును. కొండమీద అతడు నడువలేనప్పుడు సేవకుడైన శామ్ అతనిని వీపున మోసెను. ఉంగరమును మాత్రము ఫ్రోడోయే మోయవలసివచ్చెను. ఈ రెండు విధములైన భారములును గలతీ పత్రిక 6వ అధ్యాయములో ప్రక్కప్రక్కనే యున్నవి.

అయితే మనము నిలిచి ఆలోచింపవలసిన చోటు వేరొకటి. ఇంత దూరము వచ్చినవాడు అగ్నిగుండము యెదుట మనస్సు మార్చుకొని, ఉంగరము నాదేయని వ్రేలికి తొడుగుకొనెను. ఓడిపోయెను! వీరగాథలలో నాయకుడు ఇట్లు ఓడుట అరుదు. రోమా పత్రిక 7వ అధ్యాయము నెరిగిన మనకు అది వింత కాదు. అంతలో, వెంబడించి వచ్చిన గొల్లమ్ అతని వ్రేలిని కొరికి, ఉంగరముతో కూడ అగ్నిలో పడెను. ఆ గొల్లమ్‌ను చంపుటకు పూర్వము తరుణము దొరికినను ఫ్రోడో కనికరించి విడిచియుండెను. ఆనాటి కనికరమే అతని ఓటమిలో అడ్డుపడెను.

గ్రంథకర్త ఆ దినమును మార్చి 25గా వ్రాసెను; గబ్రియేలు మరియకు శుభవార్త తెలిపిన దినముగా సంఘము పూర్వమునుండి ఆచరించునది అదియే.

ఫ్రోడో ఇల్లు చేరెను గాని, అతని గాయములు స్వగ్రామమున మానలేదు.