తిరగని కారుకు సర్వీసింగ్ ఎందుకు?

మీ ఇంట్లో కారు ఉందా? లేకపోతే పక్కింట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉండే ఉంటుంది. ఈసారి పెద్దవాళ్ళను అడిగి, ముందు సీటుకు ఎదురుగా ఉన్న చిన్న అర తెరిచి చూడండి. చాలా కార్లలో అక్కడ ఒక పుస్తకం ఉంటుంది. కారు కొన్న రోజున లోపల పెట్టినది మళ్ళీ బయటికి వచ్చి ఉండదు!

ఆ పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. కారులో ఏ భాగాన్ని ఎప్పుడు పరీక్షించాలి, ఏది ఎప్పుడు మార్చాలి అన్నది అందులో రాసి ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే చాలా పనులకు రెండు గడువులు కనిపిస్తాయి. మన దేశంలోని చాలా పెట్రోలు కార్లకు ఇంజన్ ఆయిల్ మార్చే గడువు "10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అది" అని ఉంటుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. కారు తిరిగితే అరుగుతుంది, నిజమే. మరి నెలల లెక్క ఎందుకు? "ఏడాదంతా కలిపి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఈసారికి సర్వీసింగ్ వద్దులే" అని పెద్దవాళ్ళు అనడం మీరు వినే ఉంటారు. ఆ మాట సరైనదేనా? చూద్దాం.

ఆయిల్‌లోకి నీరు ఎలా వస్తుంది?

పెట్రోలులో ముఖ్యంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. పెట్రోలు కాలినప్పుడు హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లెక్క వేస్తే, ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు సుమారు ఒక లీటరు నీరు తయారవుతుంది! ఇది ఆవిరి రూపంలో చాలావరకు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చలికాలం ఉదయాన సైలెన్సర్ చివర నీటి చుక్కలు రాలడం మీరు చూసే ఉంటారు.

అయితే కొద్దిపాటి ఆవిరి పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, కిందనున్న ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. దూర ప్రయాణంలో ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీరు ఎగిరిపోతుంది. కాని రోజూ ఇంటినుంచి బజారు దాకా, బజారు నుంచి ఇంటిదాకా మాత్రమే తిరిగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే ఇంజన్ ఆపేస్తారు. నీరు అందులోనే ఉండిపోతుంది. ఆయిల్ త్వరగా చెడుతుంది.

అంటే తక్కువ తిరిగిన కారుకు తక్కువ సర్వీసింగ్ చాలుననడం పొరపాటు. దగ్గరి ప్రయాణాలకు, దుమ్ము రోడ్లకు చాలా పుస్తకాల్లో ఇంకా తక్కువ గడువులతో వేరే పట్టిక ఉంటుంది.

ఘాట్ రోడ్డు మీద ఒక లెక్క

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. అది బ్రేకుల సంగతి.

మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకుపోయేది గొట్టాల్లోని ద్రవం. ఇది మీరు చదివిన పాస్కల్ సూత్రమే. మెకానిక్‌లు దీన్ని బ్రేక్ ఆయిల్ అంటారు. పేరుకు ఆయిల్ అన్నా, ఇది ఇంజన్‌లో పోసే నూనె వంటిది కాదు. దీనికొక గుణం ఉంది. వానాకాలంలో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లినట్లే, ఇది కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. కారు తిరిగినా, షెడ్డులో నిలబడినా ఈ పని ఆగదు.

తేమ చేరితే ఏమవుతుంది? మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. అందులో నూటికి సుమారు 3.7 వంతుల నీరు చేరిందంటే ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155.

ఇప్పుడు లెక్క వేద్దాం. తిరుమల నుంచి తిరుపతికి కారు దిగుతోంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి కారు 1,200 కిలోలు అనుకుందాం. స్థితిజశక్తి అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం:

1,200 × 9.8 × 700 = సుమారు 82 లక్షల జౌళ్ళు.

ఇంత శక్తితో 30 డిగ్రీల దగ్గరున్న 28 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవచ్చు! కారు వేగం పెరగకుండా కిందికి చేరాలంటే ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. తక్కువ గేరులో దిగితే కొంత భారం ఇంజన్ మోస్తుంది. గేరు మార్చకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే, చాలావరకు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. తేమ పట్టిన పాత ద్రవం అక్కడ మరిగిందంటే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ అడుగుదాకా దిగుతుంది, బ్రేకు మాత్రం పడదు.

ఇందులో ప్రమాదం ఏమిటో గమనించారా? అదే పాత ద్రవంతో ఊళ్ళో ఏడాదంతా తిరిగినా తేడా తెలియదు. కారు బాగానే ఉందనిపిస్తుంది. ముందుగా చప్పుడు చేయని లోపాల కోసమే పట్టిక తయారుచేశారు. బ్రేక్ ఆయిల్‌కు చాలా పుస్తకాల్లో రెండేళ్ళ గడువు కనిపిస్తుంది. మీ కారుకు దాని పుస్తకంలో రాసిందే ప్రమాణం. ఎలక్ట్రిక్ కారుకు ఇంజన్ ఆయిల్ అక్కరలేదు గాని, బ్రేక్ ఆయిల్ దానికీ ఉంటుంది.

ఎక్కడ చేయించాలి?

కంపెనీ సర్వీసు కేంద్రంలో ఆ మోడల్‌కు తగిన పరికరాలు, శిక్షణ పొందిన పనివాళ్ళు ఉంటారు. ఖర్చు సాధారణంగా ఎక్కువ. వీధి చివరి మెకానిక్ దగ్గర ఖర్చు తక్కువ. పనిచేసే మనిషితోనే నేరుగా మాట్లాడవచ్చు. కాని అన్ని పరికరాలూ ఆయన దగ్గర ఉండకపోవచ్చు. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు సులువుగా దొరకనివ్వడం లేదని 2014లో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా కూడా విధించింది. ఆ తీర్పు మీద కంపెనీలు అప్పీలుకు వెళ్ళాయి.

వారంటీ ఉన్నంతకాలం దాని షరతులు చదివి నడుచుకోవాలి. ఆ తరువాత ఎంచుకోవలసింది బోర్డు చూసి కాదు. ఈ ప్రశ్నలు అడగండి:

1. పుస్తకంలోని పట్టిక చూసి పని చేస్తారా?
2. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోసి, ఆ గ్రేడును బిల్లులో రాస్తారా?
3. బ్రేక్ ఆయిల్‌ను సీలు విప్పని డబ్బా నుంచి పోస్తారా? మూత తీసి ఉంచిన డబ్బా కూడా తేమ పీలుస్తుంది కదా!
4. తీసిన పాత భాగాలు చూపిస్తారా?
5. పట్టికలో లేని పని చేయాలంటే, ఎందుకో చూపించి చెబుతారా?

వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పేచోటు పెద్దదైనా చిన్నదైనా మంచిదే. సర్వీసింగ్‌లో ముఖ్యమైన పనులు కంటికి కనబడవు. అందుకే కారు తళతళలాడుతోందా అని కాక, ఏం చేశారో అడిగి తెలుసుకోవాలి.

చేసి చూడండి

సూది లేని కొత్త సిరంజిలో గాలి లేకుండా నీరు నింపండి. మూతిని వేలితో గట్టిగా మూసి పిస్టన్ నొక్కండి. కదలదు. ఇప్పుడు సగం నీరు తీసేసి, ఆ చోట గాలి నింపి నొక్కండి. పిస్టన్ లోపలికి పోతుంది! ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడకపోవడానికి కారణం ఇప్పుడు మీ వేలికింద ఉంది.

తరువాత కారు పుస్తకం తీసి, బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లుల్లో వెతకండి. తేదీ దొరకకపోతే, ఈసారి కొండకు బయలుదేరేముందే ఆ సంగతి మీ అమ్మానాన్నలతో చెప్పండి.