తెరచాప పడవలో రేవు నుండి రేవుకు

పిల్లలూ! మన మారిషస్ పటము తీసి ముందు పెట్టుకోండి. ద్వీపము చుట్టూ ఒక సన్నని గీత కనబడుతుంది. అది పగడపు దిబ్బ. దిబ్బకు అవతల మహాసముద్రము, ఇవతల నిలకడగా ఉండే లగూన్. బస్సులో తిరిగేవారికి మన బెస్త పల్లెల వీపు మాత్రమే కనబడుతుంది. వాటి ముఖము సముద్రము వైపు ఉన్నది. అందుచేత ఈ పాఠములో మీరు ఒక తెరచాప పిరోగ్ ఎక్కి, మాయెబూర్ నుండి ఉత్తరముగా బయలుదేరుతారు.

ఉత్తరానికే ఎందుకు? మన దేశములో ఏడాదిలో ఎక్కువ కాలము ఆగ్నేయ దిక్కు నుండి గాలి వీస్తుంది. తూర్పు తీరము వెంట ఉత్తరానికి పోయేవారికి ఆ గాలి కుడి చేతి వైపు నుండి వచ్చి తెరచాపను నింపుతుంది. ద్వీపము కొస దగ్గర వాయవ్యానికి తిరిగితే అదే గాలి వీపున తోస్తుంది. తిరిగి రావడమే కష్టము. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు. కొంత దూరము ఒక ప్రక్కకు, కొంత దూరము మరొక ప్రక్కకు ఏటవాలుగా నడుపుకుంటూ రావాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి మరీ గట్టిగా ఉంటుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల కాలము. అప్పుడు బుద్ధిమంతులు పడవను ఒడ్డున కట్టివేస్తారు.

పడవ భాగాల పేర్లు మీరు ఇంట క్రెయోల్‌లో వినే ఉంటారు. లావ్వాల్ అన్నది తెరచాప. గువెర్నై అన్నది చుక్కాని. నీరు లోతు లేనిచోట పడవను నెట్టే పొడవైన కర్ర పేరు గడ. ఈ మాటలు మన పూర్వులకు కొత్తవి కావు. గోదావరి సముద్రములో కలిసేచోట, కాకినాడ దగ్గర ఉన్న కోరంగి రేవు నుండి వారిలో అనేకులు ఓడ ఎక్కారు. అందుకే ఇక్కడ తెలుగువారిని చాలాకాలము కోరంగివారు అన్నారు. వారు వచ్చినవి కూడా తెరచాప ఓడలే.

ఇక మాయెబూర్ వదలండి. చుక్కాని పట్టినవాడు నీటి రంగు చదవాలి. ముదురు నీలము అయితే లోతు. లేత ఆకుపచ్చ అయితే అడుగున ఇసుక, లోతు తక్కువ. గోధుమ రంగు మచ్చ కనబడితే అది పగడము, తప్పుకోవాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఈ రంగులు బాగా తెలుస్తాయి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీరంతా వెండి రేకులా మెరుస్తుంది, ఏమీ తెలియదు. ఇది తెలియకనే పెద్ద పెద్ద నౌకలు చెడ్డాయి. 1810 ఆగస్టులో గ్రాం పోర్ యుద్ధము ఈ నీటిలోనే జరిగింది. ఇంగ్లీషువారి నౌకలలో సిరియస్, మాజిసియెన్ అనేవి దిబ్బల మీద కూరుకుపోయాయి. వాటిని వారే తగులబెట్టుకున్నారు. ఆ ఏడాది చివర వారు ఉత్తర తీరాన దిగి దీవిని గెలుచుకున్నారనుకోండి, అది చరిత్ర పాఠములో చదువుకుంటారు.

తరువాతి రేవు వ్యూ గ్రాం పోర్. 1598లో డచ్చివారు ఈ అఖాతములోనే దిగారు. నాకు మాత్రము ఈ ఒడ్డు చూడగానే 2020వ సంవత్సరమే ముందుగా గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది జూలై 25న వకాషియో అనే పెద్ద ఓడ పోయింత్ దెస్నీ వద్ద దిబ్బ మీదికి ఎక్కింది. ఆగస్టు 6న దాని నూనె కారడము మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు నీటిపాలైంది. మడ అడవుల వేళ్ళు నల్లబడ్డాయి. బెస్తలకు వేట ఆగిపోయింది. వేట లేని రోజు బెస్త ఇంట కూలి లేని రోజే. ప్రజలు ఎవరి పిలుపుకూ కాచుకోలేదు. చెరకు ఆకులు సంచులలో కుక్కి, కుట్టి, పొడవైన కట్టలుగా చేసి నీటి మీద తేలవేశారు. నూనె ఒడ్డుకు చేరకుండా అడ్డుకట్ట వేయడానికే ఆ పని. మీ ఇళ్ళలో ఎవరైనా ఆ సంచులు కుట్టి ఉంటే అడిగి తెలుసుకోండి.

అక్కడి నుండి గ్రాండ్ రివియేర్ సుద్ ఎస్త్. ఇది మన దేశములో అన్నిటికన్న పొడవైన నది. నది మంచినీరు, బురద వచ్చి కలిసేచోట పగడము పెరగదు. కనుక నదుల ఎదుట దిబ్బలో సందులు ఏర్పడతాయి. వాటినే పాస్ అంటాము. బెస్తలు సముద్రములోకి పోయి వచ్చే వాకిళ్ళు అవే. ఇక్కడ సముద్రపు అల లోపలికి వస్తుంది, పడవ ఊగుతుంది. గట్టిగా పట్టుకోండి!

త్రూ దో దూస్ అంటే మంచినీటి గుంట అని అర్థము. రేవు దగ్గర ఊట ఉన్నది, అందుకే ఆ పేరు. ఇక్కడి పడవలలో చాలా భాగము ఇప్పుడు ఇంజనులతో యాత్రికులను ఇల్ ఓ సెర్ఫ్ దీవికి చేరవేస్తాయి. తెరచాపలు మాయెబూర్, గ్రాం గోబ్ వంటి చోట్ల పందేలలో కనబడుతున్నాయి.

బెస్తల రేవులో దిగేటప్పుడు కొన్ని మర్యాదలు ఉన్నాయి. చేపలు దించే మెట్టుకు మీ పడవ కట్టరాదు. బెస్త పడవ రాగానే బనియాన్, అనగా చేపల వర్తకుడు, తక్కెడతో కాచుకొని ఉంటాడు. ఎండలో ఆలస్యమైతే సరుకు చెడుతుంది, ధర పడుతుంది. మీరు దారి అడ్డుకుంటే ఆ నష్టము బెస్తది. లంగరు ఇసుకలోనే వేయాలి. పగడము మీద వేస్తే, ఎన్నో ఏళ్ళు పెరిగినది ఒక్క ఈడుపుకు విరిగిపోతుంది. పరచిన వల మీదుగా నడవకూడదు. ముందుగా పలకరించండి. ఏ పాస్ దగ్గర నీరు ఎలా ఉన్నదో వారే చెబుతారు, పటము చెప్పదు.

ఇంకా ఉత్తరాన పూద్ర దోర్. దీని ఎదుట 1744 ఆగస్టులో సేన్ జెరాన్ ఓడ దిబ్బకు తగిలి మునిగింది. అందులో చక్కెర మిల్లు యంత్రాలు కూడా ఉన్నాయి. దాని గంటను మాయెబూర్ మ్యూజియములో చూడవచ్చు. గ్రాం గోబ్ దాటి పడమరగా తిరిగితే ఎర్రని కప్పు గల చర్చి కనబడుతుంది. అదే కాప్ మలెరే, ద్వీపపు ఉత్తరపు కొస. తెరచాప దించండి.

ప్రశ్నలు

1. మాయెబూర్ నుండి ఉత్తరానికి పోవడము ఎందుకు సులభము?
2. నదుల ఎదుట పగడపు దిబ్బలో సందులు ఎందుకు ఏర్పడతాయి?
3. మీకు దగ్గరి రేవుకు వెళ్ళి, అక్కడి మూడు వస్తువుల పేర్లు క్రెయోల్‌లో అడిగి, తెలుగులో వ్రాయండి.