మెగ్నీషియం తగ్గితే క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: బీపీ మాత్రలు వాడుతున్నాను. రక్తపరీక్షలో మెగ్నీషియం 1.5 వచ్చింది. క్యాన్సర్ ముప్పు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కంగారు పడకండమ్మా. బీపీ ఉన్నవాళ్లలో మెగ్నీషియం తక్కువుంటే క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయని చైనా అధ్యయనం ఒకటి చెప్పింది. అయితే తగ్గడమే కారణమని రుజువు కాలేదు. ముందు మీ మందుల చీటీ చూడండి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ అనే బీపీ మందుల వల్ల మెగ్నీషియం మూత్రంలో పోతుంది. గ్యాస్‌కని ఏళ్ల తరబడి మింగే పాంటోప్రజోల్ కూడా తగ్గిస్తుంది. చీటీ లేకుండా దాన్ని కొనితెచ్చుకునే అలవాటు గురించే నాకు ఎక్కువ దిగులు. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. డాక్టరుకు రిపోర్టు చూపించి పొటాషియం, క్రియాటినిన్ చేయించుకోండి. కిడ్నీ జబ్బుంటే మెగ్నీషియం మాత్రలు ప్రమాదం. కిడ్నీలు బాగుంటే సరూర్‌నగర్ రైతుబజార్ పాలకూర, రాగిసంగటి, ఉప్పు లేని పల్లీలు తినండి.