గడ్డకట్టే చలిలో ఇల్లు, కుండీలు: చేయవలసినవి - చేయకూడనివి

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు మైనస్ 30 డిగ్రీలకు దిగడం కొత్త కాదు. డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలే. నవంబరు నుంచి మార్చి దాకా తలుపులన్నీ బిగించి, ఫర్నేస్ నడుపుతూ, కరివేపాకు, తులసి కుండీలను కిటికీ దగ్గరికి చేర్చుకునే తెలుగు కుటుంబాల కోసం ఈ సూచనలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వారికీ చదివి వినిపించండి.

చేయవలసినవి

• కుండీలను దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. చలికాలపు ఎండ అటు నుంచే వస్తుంది.

• ఆకులకూ అద్దానికీ మధ్య జానెడు ఎడం ఉంచండి. అద్దానికి ఆనుకున్న ఆకు తెల్లారేసరికి నల్లబడుతుంది.

• నీళ్లు పోసే ముందు చూపుడు వేలిని రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు మానేయండి. పైమట్టి తెల్లగా ఎండినా అడుగున తడి ఉంటుంది. ఈ కాలంలో కరివేపాకు చచ్చేది ఎక్కువగా వేరు కుళ్లే.

• నీళ్లను ముందుగా పట్టి, గదిలో ఉంచి, చల్లదనం విరిగాకే పోయండి.

• గ్రో లైటును టైమర్‌కు తగిలించి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి.

• లైటు తీగ ప్లగ్గు కంటే కిందికి వంగి పైకి వెళ్లేలా చూడండి. జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోతుంది.

• వారానికోసారి ఆకుల అడుగు చూడండి. సన్నని బూజుదారాలుంటే ఎర్రనల్లి పట్టినట్టే; ఆ కుండీని వేరుచేసి ఆకులు కడగండి.

• ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి.

• ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తలతిరుగుడు వస్తే వెంటనే బయటికొచ్చి 911కు ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

• మంచు తుఫాను తగ్గగానే బయటి గోడకున్న ఫర్నేస్ గొట్టాల చుట్టూ మంచు తీసేయండి.

• బాగా చలి రాత్రుల్లో సింకు కింది అల్మరా తలుపులు తెరిచి, కుళాయిని సన్నగా కారనివ్వండి; లేకుంటే పైపులు గడ్డకట్టి పగులుతాయి.

• ఇంటి నీటిని మొత్తంగా కట్టేసే వాల్వు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ చూపించండి.

• బయటికెళ్తే చెవులు, ముక్కు, వేళ్లు కప్పుకోండి. గాలితో కలిసి చలి మైనస్ 40 దాటితే కప్పని చర్మం 10 నిమిషాల్లోపే గడ్డకట్టవచ్చు.

• మన చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. బూడిదరంగునూ మొద్దుబారడాన్నీ గమనించండి.

• మంచును పారతో ఎత్తకుండా కొద్దికొద్దిగా నెట్టండి. ఛాతీ బరువెక్కితే పార అక్కడే వదిలి 911కు ఫోన్ చేయండి.

చేయకూడనివి

• ఓవెన్‌తో, గ్యాస్ పొయ్యితో, బొగ్గుల కుంపటితో ఇల్లు వెచ్చబెట్టకండి.

• గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నా సరే, లోపల కారు ఇంజిన్ నడుపుతూ ఉంచకండి.

• హీటరును పరదాలకు, పరుపులకు మీటరు కంటే దగ్గరగా పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకండి.

• తులసి దగ్గర వెలిగించిన దీపాన్ని వదిలి పక్కగదిలోకి వెళ్లకండి. ఊళ్లో తులసికోట ఆరుబయట ఉండేది. ఇక్కడ దీపం పక్కనే పరదా, దాని వెనక చెక్క చట్రం ఇల్లు. కొండెక్కేదాకా దగ్గరే కూర్చోండి, లేదా బ్యాటరీ దీపం పెట్టండి.

• ఊరెళ్తున్నామని ఫర్నేస్ ఆపేయకండి. 13 డిగ్రీలకు తక్కువ పెట్టకండి.

• గడ్డకట్టిన పైపుకు మంట చూపించకండి. హెయిర్ డ్రయర్ వాడండి.

• మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దకండి, హీటరుకు కాచకండి. చర్మం కాలుతున్నా తెలియదు. గోరువెచ్చని నీళ్లలో ముంచండి.

• కారు సీటు బెల్టు కింద పిల్లలకు లావుపాటి కోటు వేయకండి; బెల్టు వదులవుతుంది. బెల్టు పెట్టాక కోటు పైన కప్పండి.

• వీడియో కోసం మరిగే నీళ్లు గాలిలోకి విసరకండి. అన్నీ మంచుగా మారవు, కొన్ని మీదే పడతాయి.

• మనీప్లాంటును పసిపిల్లలకూ పిల్లులకూ అందేలా పెట్టకండి. నమిలితే నోరు మండి వాస్తుంది.

• వేడిగాలి వచ్చే జాలీ మీద కుండీ పెట్టకండి.

• ఫిబ్రవరి దాటేవరకు ఎరువు వేయకండి. పుల్లమజ్జిగా వద్దు; మూసిన ఇంట్లో వాసన, పురుగులు తప్ప ఫలితం ఉండదు.

• ఆకులన్నీ రాలాయని కరివేపాకును పారేయకండి. గోటితో కొమ్మ మీద కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే నీళ్లు బాగా తగ్గించి మార్చి దాకా ఆగండి.